పచ్చళ్ల లోగో డీపీలో ముద్దలా కనిపిస్తోంది, ఏం తీసెయ్యాలి?

జాడీమూత:

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అమ్మ, వదిన కలిసి ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారు. ఆవకాయ, గోంగూర, ఉసిరి, వాటితోపాటు చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి కూడా. ఆర్డర్లు, పార్సిళ్ల సంగతి నేను చూసుకుంటాను. ఇన్నాళ్లూ తెల్ల స్టిక్కర్ మీద పేరు ప్రింటు కొట్టించి సీసాకి అంటించేవాళ్లం. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద చిన్న షాపు తీసుకుంటున్నాం, అందుకని ఒక లోగో ఉంటే బాగుంటుందని డీటీపీ సెంటర్లో చేయించాం.

లోగో ఎలా ఉందంటే: ఆకుపచ్చ గుండ్రం, దాని లోపల ఎర్రటి మామిడికాయ, పక్కన జాడీ, జాడీ పక్కన చీరకట్టులో ఒక ఆడమనిషి, కింద అరిటాకు. పైన మా వదిన పేరు విల్లులా వంచి ఎర్రక్షరాలతో రాశారు (మూడక్షరాల పేరు, ఒక ఒత్తు, ఒక గుడి ఉన్నాయి). అడుగున ఇంగ్లీషులో ఒక లైను. కంప్యూటర్ మీద పెద్దగా చూపించినప్పుడు ఇంటిల్లిపాదికీ నచ్చింది. వాట్సాప్ డీపీగా పెడితే మాత్రం ఎరుపూ పచ్చా కలిసిన ముద్ద, అంతే. సీసా మీద అంటిస్తే పేరు కూడా సరిగ్గా తెలియడం లేదు.

నా ఫ్రెండ్ ఒకడు ఇదంతా విని "గెస్టాల్ట్ సూత్రాలు చదువు, ఫెడెక్స్ కొరియర్ లోగోలో బాణం దాచినట్టు నువ్వూ ఏదో ఒకటి దాచు, అప్పుడే జనానికి గుర్తుంటుంది" అంటున్నాడు. అలా దాచడం నిజంగా అవసరమా? మా పరిస్థితిలో ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి? బడ్జెట్ పెద్దగా లేదు, ఆ డీటీపీ అబ్బాయితోనే మార్పించుకోవాలి.

గళ్లనోటుబుక్కు:

దాచడం గురించి ముందు చెప్పేస్తాను. ఫెడెక్స్ లోగో 1994లో లిండన్ లీడర్ చేశాడు, ఇంగ్లీషు 'ఈ'కి 'ఎక్స్'కి మధ్య ఖాళీలో బాణం ఉంటుంది. ఆ బాణాన్ని ఏళ్ల తరబడి గమనించని వాళ్లు బోలెడంత మంది, అయినా వాళ్ల పార్సిల్ వ్యాపారానికి వచ్చిన లోటేమీ లేదు. ఆ లోగో పనిచేసేది లావుపాటి అక్షరాల వల్ల, రెండే రంగుల వల్ల. బాణం కొసరు. మీరు కొసరుతో మొదలుపెట్టకండి.

గెస్టాల్ట్ అనేది దాగుడుమూతల విద్య కాదు. 1923లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే జర్మనీ మనస్తత్వవేత్త అడిగిన ప్రశ్న చాలా మామూలుది: చుక్కలు, గీతలు విడివిడిగా ఉన్నా మనకి గుంపులుగా ఎందుకు కనిపిస్తాయి? దగ్గరగా ఉన్నవి ఒకటిగా కనిపిస్తాయి, ఒకే రంగువో ఒకే ఆకారంవో జట్టు కడతాయి, సాఫీగా సాగే గీతను కన్ను అడ్డం వచ్చినా వదలకుండా పట్టుకుని పోతుంది, కొంచెం తెగిన ఆకారాన్ని తనే పూర్తి చేసుకుంటుంది. ఇవన్నీ మనం చదవడం మొదలుపెట్టకముందే అయిపోతాయి.

ఇప్పుడు మీ లోగో చూడండి. మామిడికాయ ఎరుపు, పేరు ఎరుపు, అవి ఒక జట్టు. గుండ్రం పచ్చ, అరిటాకు పచ్చ, అవి ఇంకో జట్టు. అంటే చిన్నగా చూసేసరికి అరిటాకు గుండ్రంలో కలిసిపోతుంది, వదినగారి పేరు మామిడికాయకి అంటుకుపోతుంది. మీరు ఐదు వస్తువులు గీయించారు, కంటికి చేరేది రెండు మరకలు. అందుకే ముద్ద అంటున్నారు, అది డీటీపీ అబ్బాయి చేతకానితనం కాదు.

రంగుల విషయం ఇంకా ముఖ్యం. ఎరుపు, ఆకుపచ్చ పేరుకి ఎంత దూరపు రంగులైనా వెలుతురులో మాత్రం దగ్గరి చుట్టాలు. వెబ్‌సైట్ల వాళ్లు కాంట్రాస్ట్ (రెండు రంగుల వెలుతురు తేడా) లెక్క కట్టే పద్ధతి ఒకటి ఉంది, అందులో ఒకటే రంగైతే 1, నలుపు తెలుపులకి 21 వస్తుంది, మామూలు అక్షరాలకి కనీసం 4.5 ఉండాలంటారు. కంప్యూటర్‌లో మామూలుగా వాడే నిండు ఎరుపుని మామూలు ఆకుపచ్చ మీద పెడితే 1.3 కూడా రాదు! అంటే మీ పేరు దాదాపు ఒకే వెలుతురున్న రెండు రంగుల మధ్య నిలబడింది. కన్ను సన్నటి అంచుల్ని పట్టుకునేది ప్రధానంగా వెలుతురు తేడాతోనే, రంగు తేడా ఒక్కటే ఉంటే అంచులు అలుక్కుపోతాయి. ఎరుపు పచ్చల తేడా తెలియని కళ్లున్న మగవాళ్లు కూడా తక్కువేం కాదు, వాళ్లకైతే రెండూ ఇంచుమించు ఒకే రంగులా కనిపిస్తాయి. ఫోన్లో స్క్రీన్‌ని నలుపు తెలుపుకి మార్చే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేసి మీ లోగో ఒకసారి చూడండి, నేను చెప్పేదేంటో అర్థమవుతుంది. అదే ముదురు ఎరుపు మీద పసుపు పచ్చ పెడితే 9 దాటుతుంది. మన ఊళ్లలో పాత బోర్డులు అలా ఉండేవి ఊరికే కాదు.

ఇంకొకటి, పేరుని విల్లులా వంచడం. ఇంగ్లీషుకి అది నడుస్తుంది. తెలుగుకి ఒత్తులు కింద ఉంటాయి కదా, పైకి వంచినప్పుడు అక్షరాల కింది భాగం దగ్గరకి నొక్కుకుపోతుంది, సరిగ్గా అక్కడే ఒత్తు ఉంటుంది. కిందకి వంచితే ఒత్తులకి చోటు దొరుకుతుంది కానీ పైన గుడులు ఒకదానికొకటి తగులుకుంటాయి. మీ పేరులో రెండూ ఉన్నాయి. కాబట్టి వంచొద్దు, తిన్నగా రాయించండి.

సీసాలు గాజువా, ప్లాస్టిక్‌వా? లోపలి పచ్చడి బయటికి కనిపిస్తుందా? అది తెలిస్తే మిగతాది చెప్తాను.

ఫ్లెక్స్ మావయ్య:

పై తమ్ముడు చెప్పింది కరెక్టే కానీ షాపు బోర్డు గురించి చెప్పలేదు, అది నేను చెప్తా. పాతికేళ్ల పైనే బోర్డులు రాస్తున్నా, ముందు బ్రష్షుతో, తర్వాత ఫ్లెక్సు, ఇప్పుడు ఎల్‌ఈడీ అక్షరాలు.

మా లైన్లో మోటు లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి ఒక అంగుళం అక్షరం. మీ రోడ్డుకి అవతలి వైపు నుంచి అరవై అడుగులు అనుకుంటే ఆరంగుళాలు. కంటి డాక్టర్ల లెక్కలో ఇంకా తక్కువ చాలు, అరవై అడుగులకి అంగుళం పైచిలుకు అక్షరమే మంచి చూపున్న మనిషి గుర్తుపడతాడు, కానీ అది కుర్చీలో కూర్చుని కళ్లు చికిలించి చదివే లెక్క. బండి మీద నలభై స్పీడులో పోయేవాడికి ఆ అరవై అడుగులు రెండు సెకన్లు కూడా పట్టవు. పైగా తెలుగులో ఆరంగుళాలంటే గుడినీ ఒత్తునీ కలిపి కొలవకూడదు, మధ్యలో ఉండే అక్షరం ఒంటినే కొలవాలి. చాలామంది పైనుంచి కింద దాకా కలిపి కొలిచి "ఆరంగుళాలు పెట్టాం కదండీ" అంటారు, తీరా చూస్తే అసలు అక్షరం మూడంగుళాలు ఉంటుంది.

రాత్రిపూట లైటు వెలిగే బోర్డు పెట్టిస్తే ఇంకో తంటా. చీకట్లో వెలిగే అక్షరం ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది, లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. 'మ'కి 'వ'కి తేడా తెలియదు, 'ఘ' సంగతైతే చెప్పక్కర్లేదు. కాబట్టి తెల్లకాగితం మీదకి గీసిన అక్షరాన్నే లైటు బోర్డుకి ఇచ్చెయ్యొద్దు, ఒక పాలు సన్నం చేసి, అక్షరాల మధ్య ఎడం కొంచెం పెంచి ఇవ్వండి.

బోర్డు మీద ఫోన్ నంబరు, పచ్చళ్ల పేర్లు, దేవుడి బొమ్మ, ఓనరు ఫొటో అన్నీ అడుగుతారు కస్టమర్లు. నేను రాస్తా, డబ్బులిస్తారు కాబట్టి. కానీ మీరు అడిగారు కాబట్టి చెప్తున్నా, పేరు, ఒక బొమ్మ, "పచ్చళ్లు" అనే మాట, అంతే చాలు.

జాడీమూత:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. ఫోన్ నలుపు తెలుపుకి మార్చి చూశాను, పేరు నిజంగానే మాయమైపోయింది, వదినకి కూడా చూపించాను.

సీసాలు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్‌వి, అరకిలోవి, పావుకిలోవి. లోపలి పచ్చడి బాగా కనిపిస్తుంది, అదే మాకు కావాలి కూడా, నూనె పైకి తేలి కనిపిస్తేనే కొంటారు. స్టిక్కరు చుట్టూ తిరిగేలా వేస్తున్నాం.

ఇంకో చిక్కు, ఆ చీరకట్టు ఆడమనిషి బొమ్మ తీసెయ్యడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆడవాళ్లు చేసినవని తెలియాలి కదా" అంటోంది. అది కూడా సబబుగానే ఉంది మరి.

డాలస్ ఆకలి:

నేను డిజైనర్ని కాదు, మీలాంటి వాళ్ల దగ్గర కొనేవాణ్ణి. ప్రతి వేసవిలో మా అమ్మ కొరియర్లో పంపిస్తుంది, లేదంటే ఇక్కడ ఇండియన్ స్టోర్లో కొంటాం. నా అనుభవం చెప్తాను, పనికొస్తే తీసుకోండి.

స్టోర్లో పచ్చళ్ల అర ముందు నిలబడితే అన్నీ ఎరుపే. సీసాలో ఎరుపు, లేబుల్ ఎరుపు, మూత ఎరుపు. నాకు కావలసిన బ్రాండు పేరు నేను చదవను అసలు, దాని లేబుల్ రంగు, ఆకారం గుర్తు, చెయ్యి అటే పోతుంది. మా పిల్లలకి తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. వాళ్లని తెమ్మంటే "ఆ గుండ్రం గిన్నె ఉన్నదా, ఆకు ఉన్నదా" అని అడుగుతారు. కాబట్టి అక్షరాలు రాని వాళ్లు కూడా నోటితో చెప్పగలిగే బొమ్మ ఒకటి ఉండాలి. ఐదు బొమ్మలుంటే ఏం చెప్తారు?

అడుగున ఇంగ్లీషు లైను ఒకటుందన్నారు, అది ఎవరికోసం? మాలాంటి వాళ్ల కోసమైతే ఆ లైను కంటే పేరునే ఇంగ్లీషులో కూడా రాయడం నయం.

గళ్లనోటుబుక్కు:

డాలస్ గారు అసలు విషయం చెప్పేశారు. జాడీమూత గారూ, ఎర్రటి ఆవకాయ ఉన్న పారదర్శక సీసా మీద ఎర్రటి లేబుల్ వేస్తే లేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో దూరం నుంచి తెలియదు. ఏది బొమ్మ, ఏది వెనకాల నేల అన్నది కన్ను మొట్టమొదట తేల్చుకునే సంగతి. డెన్మార్క్‌కి చెందిన ఎడ్గార్ రూబిన్ 1915లో దీనిమీదే పుస్తకం రాశాడు, కూజా అనుకుంటే కూజా, ఎదురెదురుగా రెండు ముఖాలు అనుకుంటే ముఖాలు కనిపించే బొమ్మ ఉంటుంది చూశారా, ఆయనదే. మీ విషయంలో వెనకాల నేల తెల్లకాగితం కాదు, ఆవకాయ! గోంగూర సీసాకి ముదురు ఆకుపచ్చ నలుపు కలిసిన నేల, రొయ్యలదైతే గోధుమరంగు. ఈ మూడింటి మీదా తేలి కనిపించేది లేత రంగే. మీగడ తెలుపు గానీ లేత పసుపు గానీ లేబుల్ వెయ్యండి, దానిమీద అక్షరాలు ముదురు గోధుమ ఎరుపు.

స్టిక్కరు సీసా చుట్టూ తిప్పడం తప్పు కాదు, కానీ లోగోని ఆ పొడుగంతా సాగదీయకూడదు. అరకిలో సీసా అడ్డం ఎనిమిది సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత పాతిక సెంటీమీటర్లు. ఎదురుగా నిలబడితే సగం, అంటే పన్నెండున్నర కనిపిస్తుంది కానీ అంచుల దగ్గర అక్షరాలు నొక్కుకుపోయి సన్నగా ఉంటాయి. పనికొచ్చేది నడిమి ఎనిమిది సెంటీమీటర్లే. పేరూ, బొమ్మా ఆ ఎనిమిదిలో సరిపోవాలి, నిజానికి ఆరున్నరలో పడితే ఇంకా మంచిది. తయారీ తేదీ, దినుసులు, లైసెన్సు నంబరు వెనక్కి వెళ్లిపోతాయి.

ఇప్పుడు బొమ్మ. నన్నడిగితే మామిడికాయ వద్దు, అరిటాకు వద్దు, జాడీ ఒక్కటి ఉంచండి. మామిడికాయ పెడితే రొయ్యల పచ్చడి అమ్మేటప్పుడు అడ్డం పడుతుంది. అరిటాకు భోజనం హోటల్ వాళ్లది. జాడీ అయితే అన్నిటికీ సరిపోతుంది. మన పింగాణీ జాడీ ఎలా ఉంటుంది? పైసగం గోధుమరంగు, కిందసగం మీగడ తెలుపు. మీ లేబుల్ కూడా మీగడ తెలుపే కదా. అలాంటప్పుడు కిందసగం గియ్యక్కర్లేదు. పైన మూత, వాసెన కట్టిన గుడ్డ ముడి, గోధుమరంగు భుజాలు గీయండి, అడుగున జాడీ కూర్చునే చిన్న గీత ఒకటి పెట్టండి. మధ్యలో పొట్ట ఉండాల్సిన చోట వదినగారి పేరు రాయండి. పొట్ట అంచుల్ని కన్నే గీసుకుంటుంది.

పాండా బొమ్మతో ఉండే డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (వన్యప్రాణుల రక్షణ సంస్థ) లోగో గుర్తుందా, ఆ పాండా 1961 నుంచీ ఉంది, ఇప్పటి రూపంలో దాని తలకి, వీపుకి గీతే లేదు, నల్లమచ్చల్ని చూసి మనమే పూర్తి చేసుకుంటాం. అదే కిటుకు ఇది.

కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. కన్ను ఉత్తినే పూర్తి చెయ్యదు, దానికి ఆధారం కావాలి. మూడు పాక్‌మన్ బొమ్మల (ఒక ముక్క కోసేసిన గుండ్రాల) మధ్య లేని త్రిభుజం కనిపిస్తుందని 1955లో కనిజా అనే ఇటలీ ఆయన చూపించాడు. అక్కడ గీసిన అంచు పొడవు తగ్గించి, ఖాళీ పెంచుకుంటూ పోతే త్రిభుజం పల్చబడి మాయమవుతుంది. మీ జాడీలో కూడా భుజాల గీత చివరలు లోపలికి ముడుచుకోకూడదు, కిందకి, అడుగు గీత చివరల వైపు చూస్తున్నట్టు ఆగాలి. పేరు వెడల్పు కూడా సరిగ్గా జాడీ వెడల్పుకి దగ్గరగా ఉండాలి, అప్పుడు మొదటి అక్షరం ఎడమ అంచుగా, చివరి అక్షరం కుడి అంచుగా పనిచేస్తాయి. మూడక్షరాల పేరు కావడం మీ అదృష్టం. ఏడెనిమిది అక్షరాలుంటే ఈ సలహా ఇచ్చేవాణ్ణి కాదు.

అమ్మగారి మాట గురించి. ఆమె అన్నది సబబే, ఆడవాళ్ల చేతి వంట అని తెలియాలి. కానీ దానికి చోటు లోగో కాదు. ఆ బొమ్మని లేబుల్ పక్కభాగంలో పెద్దగా, వివరంగా వెయ్యండి, ముఖం, చేతిలో గరిటె, అన్నీ కనిపించేలా. సెంటీమీటరు కూడా లేని డీపీలో ఆమె ముఖం నాలుగు చుక్కలు, అమ్మకే గుర్తుపట్టడం కష్టం. ఇలా చెప్తే ఒప్పుకుంటారేమో చూడండి. పైగా వదినగారి పేరు లోగో నిండా ఉంది కదా!

ఆకుపచ్చ గుండ్రాన్ని మాత్రం అసలు ఉంచొద్దు. శాకాహారం గుర్తు ఏంటి, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ గుండ్రం. మాంసాహారానికి గోధుమరంగు చదరంలో గోధుమరంగు త్రిభుజం. మీ చికెన్ పచ్చడి సీసా మీద అంత పెద్ద పచ్చ గుండ్రం ఉంటే చటుక్కున చూసినవాడు ఏమనుకుంటాడు? చట్టం ప్రకారం వెయ్యాల్సిన అసలు గుర్తు ఇలాంటి సీసాల మీద కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. మీ గుండ్రం ముందు అది ఆనదు. శాకాహారులు ఎవరైనా పొరపాటున తింటే వాళ్లు లోగో సూత్రాల గురించి మాట్లాడరు.

ఫ్లెక్స్ మావయ్య:

వాసెన గుడ్డ ఐడియా బాగుంది తమ్ముడూ. కానీ బోర్డు మీద ఆ అడుగు గీత సన్నగా ఉంటే దూరానికి పోతుంది, అక్షరం గీత ఎంత మందమో అదీ అంతే మందం ఉంచమను.

డాలస్ బాబు చెప్పిన ఇంగ్లీషు పేరు గురించి ఒక మాట. తెలుగు పేరు కింద ఇంగ్లీషు పేరు రాస్తే రెండూ ఒకే సైజు అని కంప్యూటర్ చెప్తుంది, కంటికి మాత్రం ఇంగ్లీషు క్యాపిటల్స్ పెద్దవిగా కనిపిస్తాయి. మన అక్షరాలు గుండ్రం, గుండ్రం ఎప్పుడూ అదే ఎత్తున్న పలక కంటే చిన్నగా కనిపిస్తుంది. కాబట్టి నంబరు చూసి కాదు, కళ్లతో చూసి సైజు సరిచెయ్యాలి. ఆ అబ్బాయి "రెండూ ఒకటే సైజండీ" అంటాడు, వినొద్దు.

బొమ్మని మధ్యలో పెట్టేటప్పుడు కూడా అంతే. టేపు పెట్టి కొలిచిన మధ్య కంటికి కొంచెం కిందకి జారినట్టు ఉంటుంది. ఒక పిసరు పైకి జరపాలి.

రబ్బరుస్టాంపు:

చూపు గురించి నాకు పెద్దగా తెలియదు, ట్రేడ్‌మార్కు పని చేస్తుంటాను కాబట్టి ఆ ముక్క చెప్తా. ట్రేడ్‌మార్కుల్లో సరుకుల్ని క్లాసులుగా విడదీస్తారు, పచ్చళ్లు 29వ క్లాసులోకి వస్తాయి, కారాలు, మసాలా పొడులు కూడా అమ్మే ఆలోచన ఉంటే 30 కూడా చూసుకోండి. వ్యక్తిగా గానీ చిన్న సంస్థగా గానీ ఆన్‌లైన్లో వేస్తే ఒక్కో క్లాసుకి ఫీజు 4,500 రూపాయలు. వేసే ముందు అదే పేరు, అలాంటి జాడీ బొమ్మ ఎవరికైనా ఉందేమో ట్రేడ్‌మార్కుల సైట్లో ఉచితంగా వెతుక్కోవచ్చు, పచ్చళ్లలో జాడీ చాలామందికి ఉంటుంది, ఆశ్చర్యపోకండి. అందుకే పైన చెప్పినట్టు పేరూ జాడీ కలిసిపోయిన ఆకారం మంచిదే, ఉత్త జాడీ అయితే మీదని చెప్పుకోవడం కష్టం.

లోగోని నలుపు తెలుపులో వెయ్యండి. రంగుల పరిమితి పెట్టకుండా నమోదు చేస్తే అన్ని రంగులకీ నమోదైనట్టే అని 1999 చట్టం 10వ సెక్షన్ చెప్తుంది. రంగుల్లో వేస్తే రేపు గోధుమరంగు బదులు ఇంకోటి వాడదామనుకున్నప్పుడు ఇబ్బంది.

జాడీమూత:

అమ్మ ఒప్పుకుంది! పక్కన పెద్దగా వేస్తామంటే "అయితే గరిటె కాదు, చేతిలో ఆవాలు దంచే రోకలి ఉండాలి" అంది, సరే అన్నాను.

డీటీపీ అబ్బాయి దగ్గర కూర్చుని జాడీ గీయించాం. మొదట వేసినదాంట్లో భుజాలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, అది జాడీలా కాకుండా పుట్టగొడుగులా కనిపించింది. చివరలు తిన్నగా కిందకి దింపాక నిజంగా కింద పొట్ట ఉన్నట్టే అనిపిస్తోంది, అక్కడ ఏమీ గియ్యలేదని తెలిసినా సరే. వదిన అయితే వేలితో ఆ లేని గీతని తడుముతూ చూసింది.

రెండు డౌట్లు. అక్షరాలకి ఏ ఫాంటు? ఆ అబ్బాయి దగ్గర ఉన్నవన్నీ పెళ్లిపత్రికల అక్షరాల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. రెండోది, బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి? మా ఇంట్లో వాళ్లని అడిగితే అన్నీ బాగున్నాయంటారు.

గళ్లనోటుబుక్కు:

ఫాంటుకి ఉచితంగా దొరికేవి చాలు. రామభద్ర అని గూగుల్ ఫాంట్స్‌లో ఉంది, లావుగా, శీర్షికలకి సరిపోయేలా ఉంటుంది, వ్యాపారానికి వాడుకోవడానికి అనుమతి కూడా ఉంది. వెనక చిన్న అక్షరాలకి మండలి. కానీ రామభద్రలో రాసి అలాగే వదిలెయ్యొద్దు, మీవి మూడే అక్షరాలు కదా, వాటిని ఫాంటు అక్షరాల్లా కాకుండా బొమ్మలా గీతలుగా మార్పించి ఒత్తు దగ్గర కొంచెం ఖాళీ పెంచమనండి. తలకట్లు కూడా చూడండి. పక్కపక్కనే ఒకే రకం తలకట్లు వస్తే కన్ను వాటిని ఒక వరసగా పట్టుకుంటుంది, అక్షరాలు కాకుండా పైన ఒక రంపం అంచు కనిపిస్తుంది. వాటిని కొద్దిగా కురచ చేస్తే ఆ రంపం పోతుంది, చదవడానికి అడ్డం రాదు.

పరీక్షకి ఇంట్లోవాళ్లని "బాగుందా" అని అడగొద్దు. పక్కింటివాళ్ల ఫోన్ తీసుకుని, మీ డీపీని ఇంకో పది డీపీల మధ్య పెట్టి, రెండు సెకన్లు చూపించి ఫోన్ తిప్పెయ్యండి, "ఏం చూశారు" అని అడగండి. "ఏదో జాడీ, ఏదో పేరు" అంటే గెలిచినట్టే. డీపీ గుండ్రంగా కత్తిరిస్తుందని మరిచిపోవద్దు, చదరంలో నాలుగు మూలలూ కలిపి ఐదో వంతు పైనే పోతుంది, కాబట్టి జాడీ మూత పైన, అడుగు గీత కింద ఖాళీ వదలాలి.

సీసాలకైతే షాపులో అర మీద ఆవకాయ, గోంగూర, రొయ్యలు వరసగా పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి చూడండి, అదీ సూటిగా కాదు. సూటిగా చూసినప్పుడు నిశితంగా కనిపించేది చాలా చిన్న చోటే, చెయ్యి చాచితే బొటనవేలి గోరు ఎంత ఉంటుందో ఇంచుమించు అంత. మిగతాదంతా ఓరచూపే. ఓరచూపులో అక్షరాలు పక్కవాటితో కలిసి అలుక్కుపోతాయని, కంటి నడిమి నుంచి ఎంత దూరమైతే అంత ఎక్కువ ఎడం కావాలని బౌమా అనే డచ్ ఆయన 1970లో తేల్చాడు. అందుకని మీ చూపు పక్క గోడ మీద పెట్టి, ఓరకంట లేబుల్ చూడండి. పేరు చదవలేకపోయినా ఫరవాలేదు, "మనది" అని తెలిస్తే చాలు. పేరు చుట్టూ ఉన్న ఖాళీ ఎంత అవసరమో అప్పుడు తెలుస్తుంది. ఆ ఖాళీలో "స్పెషల్", "ఒరిజినల్" అని రాద్దామని ఎవరైనా అంటారు, తప్పకుండా అంటారు, ఒప్పుకోవద్దు.

ఒక రంగులో కూడా ప్రింటు తీసి చూడండి. అట్టపెట్టెల మీద స్టాంపు కొట్టేది ఒకటే సిరా, అట్ట గోధుమరంగు, దానిమీద తెలుపు రాదు. మీ జాడీ అక్కడ అట్ట రంగునే పొట్టగా వాడుకుంటుంది కాబట్టి ఇబ్బంది ఉండకూడదు, అయినా చూసుకోండి.

డాలస్ ఆకలి:

ఇవన్నీ సరే, అమెరికాకి కొరియర్ చేస్తారా? చేస్తే నూనె కారకుండా మూతకి సీలు వేయించండి, కాగితం స్టిక్కర్ అయితే వద్దు. నూనె పీల్చిన కాగితం ముదిరిపోతుంది, మీగడ తెలుపు లేబుల్ ఇక్కడికి వచ్చేసరికి బజ్జీల కాగితంలా ఉంటుంది, అప్పుడు మీ కాంట్రాస్ట్ లెక్కలన్నీ గోవిందా.

ఫ్లెక్స్ మావయ్య:

నిజం. ప్లాస్టిక్ స్టిక్కరు మీద వేయించి లామినేషన్ చేయించండి, మెరుపు లేని రకం. మెరుపుదైతే షాపులో ట్యూబులైటు వెలుగు పడి సగం లేబుల్ తెల్లగా కొడుతుంది.

డీటీపీ అబ్బాయి దగ్గర నుంచి వచ్చేటప్పుడు జేపెగ్ (ఫొటో ఫైలు) ఒక్కటే తీసుకుని వచ్చెయ్యకమ్మా, అందరూ చేసేదే అది. కోరల్‌డ్రా ఫైలు, పీడీఎఫ్, ఎస్‌వీజీ మూడూ అడిగి తీసుకో, అక్షరాలు గీతలుగా మార్చి ఉన్నాయో లేదో చూసుకో, లేకపోతే నా కంప్యూటర్లో ఆ ఫాంటు లేక ఒత్తులన్నీ ఎటో పోతాయి. నలుపు ఒక్కటే ఉన్నది, ముదురు నేల మీద వేసుకోవడానికి తిరగేసినది, అవి కూడా. తిరగేసినదాంట్లో మాత్రం జాగ్రత్త, ముదురు బోర్డు మీద జాడీ పైభాగం తెల్లగా వస్తే కింద పొట్ట నల్లగా ఉన్నట్టు కనిపిస్తుంది, జాడీ తల్లకిందులైనట్టు. బోర్డుకి కూడా మీగడ రంగు నేలే వేయించుకో, దుమ్ము పడుతుంది, నెలకోసారి తుడుచుకోవాలి.

జాడీమూత:

కొరియర్ చేస్తాం డాలస్ గారూ, కొత్త లేబుళ్లు ప్రింటయ్యాక మెసేజ్ పెడతాను. మావయ్య గారూ, ఫైళ్లు రేపు తీసుకుంటాను. బోర్డు పది అడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అనుకుంటున్నాం, మూడడుగుల ఎత్తులో జాడీ మొత్తం పడితే మధ్యలో పేరు ఆరంగుళాలు వస్తుందా, లేక బోర్డుకి జాడీ పక్కన పెట్టి పేరు విడిగా రాయించాలా?

ఫ్లెక్స్ మావయ్య:

విడిగా. మూడడుగుల్లో పైనా కిందా నాలుగేసి అంగుళాలు ఖాళీ పోతే ఇరవై ఎనిమిది మిగుల్తుంది. ఆ జాడీ పొట్టలో పేరు ఒత్తుతో, గుడితో కలిపి తొమ్మిది పది అంగుళాలు దాటదు, అసలు అక్షరం ఐదు వస్తే గొప్ప. ఎడమ పక్క పూర్తి లోగో పెట్టి, దాని పక్కన అదే పేరు ఏడంగుళాల అక్షరంతో, కింద "పచ్చళ్లు" ఆరంగుళాలతో రాయించు. రెంటికీ మధ్య కనీసం ఒక అక్షరం వెడల్పు ఖాళీ ఉంచు.